ఏరి తెచ్చిన ఆకులు, గడ్డితో పెరటి కోళ్లకు లిట్టర్ వేయడం ఎలా?

కోళ్ల గూట్లో కింద పరిచేది, అంటే లిట్టర్, మెత్తదనం కోసమని చాలామంది అనుకుంటారు. కోడికి మెత్తటి పరుపు అక్కర్లేదు, రాత్రయితే అది కర్ర ఎక్కి పడుకుంటుంది. లిట్టర్ చేయాల్సిన పని వేరే ఉంది. రెట్టలోని తడిని పీల్చుకోవాలి, పీల్చుకున్న తడిని మళ్లీ గాలికి వదిలేయాలి, కోడి కాళ్లతో గీరితే పొడిపొడిగా కదలాలి. గుడ్లు పెట్టే పెట్ట ఒక్కటి రోజుకు 100 గ్రాములకు పైగా రెట్ట వేస్తుంది. అందులో ముప్పావు వంతు నీళ్లే. పది కోళ్లుంటే రోజూ ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా నీళ్లు గూట్లో పోసినట్టే లెక్క.

ఈ పనికి కొన్న ఊకో, చెక్క పొట్టో ఉండి తీరాలని లేదు. రాలిన ఆకులు, ఎండిన గడ్డి, సరుగుడు సూదులు, పంట కోశాక మిగిలిన కాడలు బాగానే పనికొస్తాయి. కాకపోతే పూర్తిగా ఎండి ఉండాలి. ఏ చెట్టు ఆకు మంచిది అని అడిగేవాళ్లు ఎక్కువ, ఎంత ఎండాలి అని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే రెండో ప్రశ్నే ముఖ్యం. అందుకే ఆరబెట్టడం గురించి కింద కాస్త ఎక్కువే రాశాను.

1. ఎక్కడ ఏరకూడదో ముందు తేల్చుకోండి

సంచి పట్టుకుని బయల్దేరే ముందు కొన్ని చోట్లు మీ లెక్కలోంచి తీసేయండి.

అడవి బాతులు, నీటి పక్షులు దిగే చెరువు గట్లు, కొంగలు, కాకులు గుంపుగా రాత్రిళ్లు ఉండే చెట్ల కింద చోట్లు అసలు వద్దు. బర్డ్ ఫ్లూ వైరస్ అడవి పక్షుల రెట్టలో ఉండొచ్చు, ఒకటి రెండు రెట్ట మరకలున్న ఆకులు చాలు గూట్లోకి రావడానికి. మీ చుట్టుపక్కల బర్డ్ ఫ్లూ వార్తలు వినిపిస్తున్న రోజుల్లో బయటి నుంచి ఏదీ ఏరి తేవద్దు. అంతకుముందే ఆరబెట్టి దాచుకున్నది వాడుకోండి. పాత పిట్ట గూళ్లు మెత్తగా ఉన్నాయని తెచ్చి గుడ్ల పెట్టెలో వేసేవాళ్లున్నారు. వాటితో పాటు రక్తం పీల్చే మైట్స్ అనే సన్నటి పురుగులు కూడా రావొచ్చు.

రోడ్డు పక్కన ఊడ్చిన ఆకుల్లో మేకులు, తీగ ముక్కలు, గాజు పెంకులు, ప్లాస్టిక్ దారాలు కలిసి ఉంటాయి. మెరిసేది ఏది కనిపించినా కోడి పొడుచుకు తింటుంది. దారం ఇంకా ప్రమాదం. కాలికి చుట్టుకుంటే రక్తం ఆడకుండా బిగుసుకుపోతుంది.

మందు కొట్టిన పొలం, తోట, పచ్చిక కూడా వదిలేయండి. పురుగుమందు సంగతి అందరికీ తెలుసు, కలుపుమందు సంగతే చాలామంది మర్చిపోతారు. క్లోపిరాలిడ్, అమినోపిరాలిడ్ లాంటి కలుపుమందులు గడ్డిని ఏమీ చేయవు, వెడల్పాకు మొక్కల్నే చంపుతాయి. ఎండిన గడ్డిలో అవి నెలల తరబడి నిలిచి ఉంటాయి. ఆ గడ్డి లిట్టరై, ఎరువై మీ టమాటా పాదులోకి వెళ్లాక అప్పుడు దెబ్బ కొడుతుంది. గడ్డి ఎవరి పొలంలోదైతే వాళ్లను అడగండి, ఏ మందు ఎప్పుడు కొట్టారో చెప్పలేకపోతే తీసుకోకండి. అనుమతి ఎలాగూ అడగాల్సిందే, అదే మాటలో ఇదీ అడిగేయొచ్చు. రక్షిత అడవుల్లోంచి ఆకు తేవడం చాలా చోట్ల చట్టరీత్యా కుదరదు.

2. ఏది పనికొస్తుంది, ఏది రాదు

చెట్ల ఆకులు అందరికీ దొరికే సరుకు. పల్చటి ఆకులు త్వరగా తడి పీల్చుకుంటాయి, కానీ తడవగానే ఒకదానికొకటి అతుక్కుని అట్ట కట్టేస్తాయి. మామిడి, పనస లాంటి దళసరి ఆకులు దీనికి వ్యతిరేకం. అంత తొందరగా అట్ట కట్టవు గానీ, మైనం పూసినట్టుండే పైపొర వల్ల నీళ్లు పీల్చవు. రెండింటికీ మందు ఒకటే, బాగా ఎండబెట్టి ముక్కలు చేయడం. ముక్కలైతే పల్చటి ఆకు అతుక్కోవడం తగ్గుతుంది, దళసరి ఆకు విరిగిన అంచుల నుంచి తడి పీలుస్తుంది.

పైన్, సరుగుడు చెట్ల కింద రాలే సూదులంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ముక్కలు చేసే పని లేదు, అట్ట కట్టవు, మధ్యలో గాలి ఆడుతుంది, తడిసినా త్వరగా ఆరతాయి. పీల్చుకునే శక్తి మాత్రం తక్కువ. అందుకని ఒక్కటే వేయకుండా ఆకులతోనో, గడ్డితోనో కలపండి.

ఎండుగడ్డి, వరిగడ్డి, గోధుమ గడ్డి, జొన్న చొప్ప, జమ్ము ఇవన్నీ పొడవాటి కాడలు. కోయకుండా అలాగే పరిస్తే పైన తడి పేరుకుంటుంది, కింద ఖాళీగా ఉంటుంది. రెండు మూడు అంగుళాల ముక్కలుగా కోస్తే తెగిన చివర్ల నుంచి తడి లోపలికి పోతుంది. కోయడానికి ఇంకో కారణం కూడా ఉంది. పొడవాటి గడ్డిపోచలు మింగితే కోడి గొంతు కింద మేత నిలవుండే సంచిలో ఉండలా చుట్టుకుని అడ్డం పడతాయి. కాడ గట్టిగా, చివర ముల్లులా ఉండే గడ్డిని మాత్రం తేవద్దు. పాదానికి గుచ్చుకున్న చోట చీము పట్టి, అరికాలు గడ్డలా ఉబ్బి కోడి కుంటుతుంది. పల్లేరు కాయలు కలిసిన గడ్డి, తుమ్మ ముళ్లున్న ఆకు చెత్త కూడా ఇందుకే వద్దు.

వేరుశనగ పొట్టు, మొక్కజొన్న పొత్తుల పీచు దొరికితే వాడొచ్చు, కానీ ఒకటికి రెండుసార్లు చూసుకోండి. వీటికి బూజు త్వరగా పడుతుంది, ఆ బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. నల్లటి, పసుపుపచ్చటి మచ్చలు కనిపిస్తే పారేయండి.

రంపపు పొట్టు దొరికితే సన్నటి పొడి కాకుండా చిత్రిక పట్టినప్పుడు వచ్చే పల్చటి చెక్క చుట్టలు ఏరుకోండి. పొడి దుమ్ము రేపుతుంది, కోడిపిల్లలు దాన్ని మేతనుకుని తినేస్తాయి. రంగు వేసిన, పాలిష్ పెట్టిన, చెదల మందు పట్టించిన చెక్కల పొట్టు ఏ రూపంలోనూ వద్దు. ఘాటైన వాసనొచ్చే దేవదారు జాతి చెక్కల నూనెలు మూసి ఉన్న గూట్లో కోళ్ల ఊపిరితిత్తులకు ఇబ్బంది చేస్తాయి.

ఇక విషపు మొక్కలు. గన్నేరు, పచ్చగన్నేరు ఆకులు ఎండినా విషం పోదు. ఎండిన ఆకులో చేదు తగ్గినట్టుండి జంతువు తినేసే అవకాశం ఇంకా పెరుగుతుంది. ఉమ్మెత్త, ఆముదం గింజలు, గురివింద గింజలు, లాంటానా, జిల్లేడు కూడా ఈ జాబితాలోవే. వయ్యారిభామ మొక్క మీ చర్మానికే దద్దుర్లు తెస్తుంది, ముట్టుకోకండి. పేలు పోతాయని పొగాకు కాడలు పరిచే అలవాటు ఒకటుంది. నికోటిన్ పేలకే కాదు, కోడికీ విషమే. పేరు తెలియని మొక్క ఎంత బాగా ఎండి కనిపించినా అక్కడే వదిలేయండి. గడ్డి కోసేటప్పుడు మధ్యలో ఏమేం కలుస్తున్నాయో చూసుకోవడం కష్టం, కాబట్టి కలుపు తక్కువ ఉన్న చోటే కోయండి.

3. ఏరడం

వానలు పోయి నాలుగైదు రోజులు ఎండ కాశాక వెళ్లండి, అది కూడా మంచు ఆరిన తర్వాత. ఉదయాన్నే తడిగా ఉన్న ఆకు ఏరితే ఆ తడినంతా మీరే మోసుకొచ్చి మీరే ఆరబెట్టాలి.

కుప్పలో నేరుగా చెయ్యి పెట్టకండి. ముందు పొడవాటి కర్రతో కదిపి చూడండి, ఆకు కుప్పలు పాములకు, తేళ్లకు ఇష్టమైన చోటు. చేతికి గ్లోవ్స్, కాళ్లకు బూట్లు ఉంటే మంచిది. పైపైన వదులుగా ఉన్న ఆకు మాత్రమే తీయండి. కింద నల్లబడి మట్టిలో కలుస్తున్న పొరలో బూజు ఉంటుంది, మీకు పనికిరాదు, చెట్టుకే పనికొస్తుంది.

ఎంత కావాలో లెక్క చూసుకుని వెళ్తే రెండోసారి తిరగక్కర్లేదు. గూట్లో కోడికి 4 చదరపు అడుగుల చొప్పున పది కోళ్లకు 40 చదరపు అడుగులు. 4 అంగుళాల మందం పరచాలంటే 13 ఘనపుటడుగులకు కాస్త ఎక్కువే పడుతుంది. ముక్కలు చేస్తే ఆకు మూడో వంతుకు పడిపోతుంది. అంటే విడి ఆకు 40 ఘనపుటడుగులన్నా తేవాలి. మొదటిసారి చూస్తే చాలా ఎక్కువ అనిపిస్తుంది, చేతులతో నొక్కి చూస్తే గానీ ఆకులో ఎంత గాలి ఉందో తెలియదు.

4. ఆరబెట్టడం

ఈ పనిలో తొందరపడితే మిగతా అంతా వృథా. బూజు పట్టిన లిట్టర్‌లో ఆస్పర్‌జిల్లస్ అనే శిలీంధ్రం పెరుగుతుంది. దాని బీజాలు దుమ్ములా లేచి కోడి ఊపిరితిత్తుల్లోకి, గాలి సంచుల్లోకి పోతాయి. నోరు తెరిచి ఆయాసపడుతూ కోడిపిల్లలు చనిపోయే జబ్బు ఇదే, పెద్ద కోళ్లకూ వస్తుంది. దీనికి నమ్మదగ్గ వైద్యం లేదు, రాకుండా చూసుకోవడమే. ఆ దుమ్ము పీలిస్తే మనుషుల ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

ఎండ బాగా తగిలే చోట టార్పాలిన్ పరిచి దాని మీద రెండు మూడు అంగుళాల మందానికి మించకుండా ఆకు పోయండి. నేల మీద నేరుగా పోస్తే కింది నుంచి చెమ్మ ఎక్కుతుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తిరగేయండి. సాయంత్రం మంచు పడకముందే కుప్ప చేసి కప్పండి, పొద్దున మళ్లీ పరవండి. రాలిపడ్డ ఆకులకు మంచి ఎండలో రెండు మూడు రోజులు చాలు. పచ్చిగా కోసిన గడ్డికి నాలుగైదు రోజులు, మబ్బు ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. ఆకు గాలికి ఎగిరిపోతుంటే పైన పాత దోమతెర కప్పండి, ఎండ ఆగదు.

ఎండిందో లేదో రోజుల లెక్కతో తేల్చకండి. ఆకును పిడికిట్లో నలిపితే చప్పుడు చేస్తూ పొడి కావాలి. మధ్య ఈనె వంచితే టక్కున విరగాలి. పైకి ఆకు ఎండినట్టు కనిపించినా ఈనె వంగుతోందంటే లోపల తడి ఉన్నట్టే. గడ్డికైతే కణుపు దగ్గర చూడండి, చివరికి ఆరేది అదే.

ఇంకో పరీక్ష కూడా చేయొచ్చు. ఎండిందనుకున్న గుప్పెడు ఆకును గాజు సీసాలో వేసి మూత బిగించి ఎండలో పెట్టండి. గంటా రెండు గంటల్లో సీసా లోపలి గోడకు తేమ పట్టిందంటే ఇంకో రోజు ఆరబెట్టాలి. వాన ముసురుకొస్తున్న టెన్షన్‌లో ఈ పరీక్ష ఎగ్గొట్టాలనిపిస్తుంది గానీ, అప్పుడే దీని అవసరం ఎక్కువ.

5. ముక్కలు చేసి దాచుకోవడం

పెళపెళలాడేలా ఎండిన ఆకును ముక్కలు చేయడానికి మెషీన్ అక్కర్లేదు. గోనె సంచిలో సగం దాకా నింపి మూతి కట్టి బూట్లతో తొక్కండి, లేదా కర్రతో బాదండి. రూపాయి బిళ్ల అంత ముక్కలైతే చాలు, పొడి చేయకండి. గడ్డి కోసే మెషీన్ ఉంటే ఆకులను పల్చగా పరిచి దాని మీదుగా రెండుసార్లు తిప్పితే పనైపోతుంది. ముక్కుకు మాస్క్ కట్టుకోండి.

దాచేది గోనె సంచుల్లోనే. ప్లాస్టిక్ సంచిలో మిగిలిన కొద్ది చెమ్మా బయటికి పోలేక బూజు పడుతుంది. సంచులను నేల మీద కాకుండా చెక్కల మీదో, ఇటుకల మీదో పెట్టి గోడకు జానెడు దూరం ఉంచండి. సరిగా ఆరని గడ్డి కుప్పలో వేడి పుడుతుంది. పెద్ద కుప్ప అయితే దానంతట అదే అంటుకునే దాకా పోవచ్చు. దాచిన మర్నాడు, మళ్లీ మూడో రోజు సంచి మధ్యలోకి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే వెంటనే తీసి మళ్లీ ఎండలో పోయండి. ఎలుకలు రాకుండా చూసుకోండి, ఎలుక రెట్టలున్న లిట్టర్ సాల్మొనెల్లా అనే రోగక్రిమిని గూట్లోకి తేవొచ్చు.

వానాకాలానికి సరిపడా సరుకు ఎండాకాలంలోనే దాచుకోవాలి. వానల్లోనే లిట్టర్ ఎక్కువ కావాలి, అప్పుడే ఎండింది ఎక్కడా దొరకదు.

6. గూట్లో పరవడం

పాతదంతా తీసి, నేల ఊడ్చి, పూర్తిగా ఆరనివ్వండి. మట్టి నేలైనా, సిమెంట్ నేలైనా పర్వాలేదు. చెక్క నేలైతే లిట్టర్ తడికి పుచ్చిపోతుంది కాబట్టి దాని మీద నీళ్లు దిగని షీటు ఏదైనా వేయండి.

నా లెక్క ఇది. అడుగున ఒకటిన్నర అంగుళం సూదులు లేదా కోసిన గడ్డి, పైన రెండున్నర అంగుళాలు ముక్కలు చేసిన ఆకు. కోళ్లు వారంలో అంతా కలిపేస్తాయి, అయినా మొదట్లో కింద గాలి ఆడే పొర ఉంటే అట్ట కట్టడం ఆలస్యమవుతుంది. సూదులు దొరక్కపోతే రెండు పాళ్లు ఆకు, ఒక పాలు గడ్డి కలిపి పరవండి. ఆకు ఒక్కటే దొరికితే అదే వేయండి, కాకపోతే రోజూ కదపాల్సి వస్తుంది.

పరిచే ముందు రెండు చోట్లు సరిచేసుకోండి, లేకపోతే ఎంత మంచి లిట్టరైనా వారం తిరక్కుండా పాడవుతుంది. నీళ్ల పాత్ర అంచు కోడి వీపు ఎత్తుకు లేపి, కింద వలలాంటి జాలీ పెట్టండి. గూట్లో తడికి రెట్ట కన్నా ఒలికిన నీళ్లే ఎక్కువ కారణం కావడం మామూలే. రెండోది కోళ్లు ఎక్కి పడుకునే కర్ర. రాత్రంతా రెట్ట దాని కిందే కుప్పగా పడుతుంది. అక్కడ ఒక పలక అమర్చి దాని మీద గుప్పెడు ఎండాకు చల్లి, పొద్దున్నే గీకి తీసేస్తే లిట్టర్ మీద భారం చాలా తగ్గుతుంది. పైకప్పు కింద, కోళ్ల తల కన్నా ఎత్తున గాలి పోయే సందులు ఉండాలి. చలికాలంలో కూడా వాటిని మూయకండి, చలి కన్నా గూట్లో నిలిచే చెమ్మే కోడికి ఎక్కువ చెరుపు.

7. కోడిపిల్లలకు వేరే లెక్క

గుడ్డులోంచి వచ్చిన మొదటి రెండు మూడు రోజులు ఏరి తెచ్చింది ఏదీ వేయకండి. మేత ఏదో, చెత్త ఏదో వాటికింకా తెలియదు. గరుకు గుడ్డ పరవండి. నున్నటి న్యూస్‌పేపర్ వద్దు, దాని మీద కాళ్లు జారి పక్కలకు విచ్చుకుపోయి అలాగే నిలిచిపోతాయి. మేత గుర్తుపట్టడం వచ్చాక రెండు అంగుళాల మందం సరుగుడు సూదులో, ముతగ్గా నలిపిన ఆకో వేయొచ్చు. పొడవాటి గడ్డి, సన్నటి పొడి రెండూ వద్దు. బూజు వాసన లేశమైనా తగిలితే ఆ సంచి పిల్లల దగ్గరికి పోకూడదు. పిల్లలకు వెచ్చదనం ఇచ్చే బ్రూడర్ బల్బుకు, ఎండాకుకు మధ్య దూరం ఎంత ఉందో రోజూ చూడండి. బల్బును ఒకే గొలుసుకు నమ్మి వదలకండి, రెండో కట్టు కూడా వేయండి.

8. గుడ్ల పెట్టె

ఇక్కడ మాత్రం మెత్తదనం కావాలి. సన్నటి ఎండుగడ్డి మూడు నాలుగు అంగుళాలు వేసి మధ్యలో గుంట చేయండి. రెట్ట కనిపించినప్పుడల్లా ఆ కాస్త తీసేయండి, గుడ్డు పగిలితే మొత్తం మార్చండి. వేపాకు, వావిలాకు, తులసి వేస్తే పురుగు రాదని చాలామంది నమ్ముతారు. ఎండినవి నాలుగు రెమ్మలు వేస్తే నష్టం లేదు, వాసన బాగుంటుంది. వాటి మీదే భారం వేయకండి. ఎర్ర మైట్స్ పగలు కర్రల సందుల్లో, పెట్టె మూలల్లో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగుతాయి. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. రాత్రి టార్చ్ వేసి కర్ర అడుగు భాగం చూడటం, సందులు గీకి శుభ్రం చేయడం వీటికి ఏ ఆకూ ప్రత్యామ్నాయం కాదు.

9. రోజూ చూసుకోవాల్సింది

పొద్దున గూడు తెరవగానే మోకాళ్ల మీద కూర్చుని కోడి తల ఎత్తులో ఒకసారి గాలి పీల్చండి. ముక్కుకు ఘాటు తగిలిందంటే అమ్మోనియా. కోడి రెట్టలోని తెల్లటి భాగం యూరిక్ ఆమ్లం. తడి, వేడి దొరికితే సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. గాలిలో అది 25 పీపీఎం (పది లక్షల పాళ్లలో 25 పాళ్లు) దాటకూడదంటారు, చాలామంది ముక్కు కూడా దాదాపు అక్కడికొచ్చాకే గుర్తుపడుతుంది. అంటే మీకు వాసన వచ్చేసరికే ఆలస్యమైందన్నమాట. పైగా రోజూ అందులోనే తిరిగే ముక్కుకు అలవాటైపోతుంది. అప్పుడప్పుడు కోళ్లతో సంబంధం లేని మనిషిని పిలిచి వాసన చూడమనండి, మొహమాటం లేకుండా చెప్పేవాళ్లయితే ఇంకా మంచిది.

రెండో పరీక్ష చేత్తో. నీళ్ల పాత్రకు కాస్త దూరంగా గుప్పెడు లిట్టర్ తీసి గట్టిగా పిండి వదలండి. ముద్దలా అలాగే నిలిస్తే తడి ఎక్కువైంది. అసలు అతుక్కోకుండా దుమ్ము రాలితే మరీ పొడి. కాస్త అతుక్కున్నట్టే ఉండి, పగుళ్లిచ్చి విడిపోతే సరిగ్గా ఉంది. అంటే తడి సుమారు 20 నుంచి 30 శాతం మధ్య ఉన్నట్టు.

తడి ఎక్కువైతే అట్ట కట్టిన ముక్కలను పారతో ఎత్తి బయట పడేయండి, తిరగేసి కలపకండి. మిగిలినదాన్ని కదిపి పైన అంగుళం ఎండాకు చల్లండి. తడి, వెచ్చదనం ఉన్న లిట్టర్‌లో కాక్సీడియోసిస్ అనే పేగు జబ్బు తెచ్చే పరాన్నజీవి గుడ్లు ఒకటి రెండు రోజుల్లోనే అంటించే స్థితికి వస్తాయి, కాబట్టి రేపు చూద్దాం అనుకోవద్దు. రక్తం కలిసిన రెట్ట, ముడుచుకుని కూర్చునే పిల్లలు కనిపిస్తే పశువైద్యుడికి చూపించండి.

కదిపే పనిలో సగం కోళ్లకే అప్పగించొచ్చు. సాయంత్రం గుప్పెడు గింజలు లిట్టర్ మీద విసిరితే అవే గీరి తిరగేస్తాయి. మందం తగ్గుతున్న కొద్దీ వారానికోసారి పైన అంగుళం ఆకు చేర్చుకుంటూ పోండి. నాలుగు అంగుళాలతో మొదలైంది కొన్ని నెలలకు 8 అంగుళాలు, ఆ పైన కూడా అవుతుంది. అడుగున మెల్లగా మాగుతూ ఉంటుంది. డీప్ లిట్టర్ అంటే ఇదే. కోళ్లు కిక్కిరిసి ఉంటే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు, రెట్ట ముందు గెలుస్తుంది. బాతులు కలిసి ఉన్నా అంతే. అవి నీళ్లతో చేసే ఆగడానికి ఆకు చాలదు, తరచుగా తీసి మార్చడమే దారి.

వాసన పోవాలని బూడిద, సున్నం చల్లే అలవాటు గురించి ఒక మాట. రెండూ క్షార గుణం ఉన్నవే. లిట్టర్‌లో క్షారం పెరిగితే అమ్మోనియా ఇంకా ఎక్కువగా గాలిలోకి వస్తుంది, అంటే అనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం. పొడి సున్నం కోడి పాదాలను, కళ్లను కాల్చేస్తుంది కూడా. బూడిద వాడాలనుంటే నిప్పు కణిక లేకుండా పూర్తిగా చల్లారాక, పొడి మట్టితో కలిపి విడిగా ఒక తొట్టెలో పెట్టండి. కోళ్లు అందులో పొర్లి స్నానం చేస్తాయి.

10. తీసి ఎరువు చేయడం

ఆరు నెలలకో, ఏడాదికో, ఎండ బాగా ఉన్న రోజు చూసి తీయండి. మాస్క్ పెట్టుకుని, దుమ్ము లేవకుండా ముందుగా కాసిని నీళ్లు చిలకరించండి. కోళ్లన్నీ ఆరోగ్యంగా ఉంటే అడుగున మాగిన పొడి లిట్టర్ ఓ అంగుళం వదిలేసి దాని మీద కొత్తది పరవండి, మాగించే సూక్ష్మజీవులు అందులో ఉంటాయి. ఈ మధ్య ఏ జబ్బు వచ్చినా రవ్వ మిగల్చకుండా తీసేయాలి.

కోడి రెట్టలో నత్రజని ఎక్కువ, ఎండాకులో కర్బనం ఎక్కువ. ఈ రెండూ గూట్లోనే కలిసిపోయాయి కాబట్టి కంపోస్ట్‌కు సగం పని ముందే అయిపోయింది. మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుకు తగ్గకుండా కుప్ప వేయండి, అంతకన్నా చిన్నదైతే వేడి నిలవదు. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు వచ్చేంత తడి చాలు. లోపల 55 డిగ్రీల సెల్సియస్ దాటి పదిహేను రోజులన్నా ఉండేలా, ఆ లోపు కనీసం ఐదుసార్లు తిరగేస్తూ ఉంటే రోగక్రిములు, చాలావరకు కలుపు గింజలు చస్తాయి. తిరగేసినప్పుడు బయటి పొర లోపలికి పోవాలి. తర్వాత మూడు నాలుగు నెలలు కదపకుండా మాగనివ్వండి. మాగని రెట్టను కూరగాయల మడిలో వేయొద్దు. వేయక తప్పకపోతే, మట్టికి తగిలే కూరలను 120 రోజులు గడిచే దాకా కోయకండి.

మడికి చేర్చే ముందు చిన్న కుండీలో ఆ ఎరువు, మామూలు మట్టి సమానంగా కలిపి నాలుగు చిక్కుడు గింజలు నాటండి. పక్కన ఉత్త మట్టి కుండీలో ఇంకో నాలుగు. రెండు మూడు వారాల్లో ఎరువు కుండీలోని ఆకులు గరిటెలా ముడుచుకుని, కాడలు మెలితిరిగితే మీరు తెచ్చిన గడ్డిలో కలుపుమందు ఉందని అర్థం. ఆ ఎరువును టమాటా, చిక్కుడు, వంగ దగ్గరికి పోనివ్వకుండా మొక్కజొన్నకో, పచ్చికకో వేసేయండి. ఆ గడ్డి తెచ్చిన చోటికి మళ్లీ వెళ్లకండి.